తక్కువ బరువుతో పుట్టిన బాబు త్వరగా లావెక్కడం మంచిదేనా?

ప్రశ్న (మురళీనగర్, విశాఖపట్నం)
అందరికీ నమస్కారం. మా బాబు 2.4 కిలోలతో పుట్టాడు. నా పాలు చాలడం లేదేమోనన్న భయంతో రెండో నెల నుంచే డబ్బాపాలు కూడా పట్టాము. ఐదో నెలకు 8 కిలోలకు వచ్చాడు, మొలతాడు ఇప్పటికే రెండుసార్లు వదులు చేయవలసి వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషిస్తుంటే, బోస్టన్‌లో ఉన్న మా ఆడపడుచు మాత్రం ఇంత వేగం ముందుముందు ఊబకాయానికి దారితీయవచ్చని, జాతిని బట్టి కూడా తేడాలుంటాయని అంటున్నారు. మన పిల్లలకు ఇది ఎంతవరకు వర్తిస్తుంది?

జవాబు (పెదవాల్తేరు, పోషకాహార అధ్యాపకురాలు)
మీ ఆడపడుచుగారు చెప్పినది నిజమేనండి. ప్రాజెక్ట్ వివా పేరుతో బోస్టన్‌లోనే 1,800కు పైగా తల్లీబిడ్డల జంటలను గమనించి 2010లో ప్రకటించిన ఫలితాల్లో, ముందుముందు ఊబకాయానికి దారితీయగల అంశాలు, అంటే పసితనంలో వేగంగా బరువు పెరగడం, నాలుగు నెలలు నిండకముందే గట్టి ఆహారం మొదలుపెట్టడం, పడకగదిలో టీవీ, తీపి పానీయాలు తెల్లజాతి పిల్లల్లో కంటే నల్లజాతి, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లల్లో ఎక్కువగా కనిపించాయి. వీటిలో చాలావరకు మార్చుకోగలిగిన అలవాట్లే కనుక, జాతి అనగానే అంతా రక్తంలోనే ఉందనుకోనక్కరలేదు.

అయితే మన విషయంలో గర్భంలోనే మొదలయ్యే సంగతి ఒకటుంది. పుణెకు చెందిన మధుమేహ పరిశోధకుడు డాక్టర్ యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి 2003లో వివరాలు ప్రకటించింది. పుట్టుక బరువు సగటున ఇక్కడ 2.7 కిలోలు, అక్కడ 3.5 కిలోలు. మన శిశువుల్లో కండ బాగా తక్కువగా ఉన్నా, వీపు చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే చూపులకు బక్కగా ఉన్న బిడ్డలోనూ కొవ్వు శాతం ఎక్కువే. అందుకే బరువొక్కటే చూసి మురిసిపోకుండా పొడవు కూడా కొలిపించండి. అలాగని మీ అంతట మీరు పాలు తగ్గించవద్దు, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ కొంత పుంజుకోవడం అవసరం.

జవాబు (భీమిలి, విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త)
అమ్మా, పాలు పట్టే తీరు కూడా గమనించుకోండి. ఏడ్చిన ప్రతిసారీ అది ఆకలేననుకుని సీసా అందిస్తాము. బిడ్డ పెదవులు బిగించి తల తిప్పుకున్నా, అడుగున మిగిలినవి వృథా అవుతాయని మళ్ళీ నోట పెడతాము. తల తిప్పితే ఆపేయండి. ఆరు నెలలు నిండాక ఉగ్గు మొదలుపెట్టండి, రెండేళ్ళ దాకా అందులో పంచదార వేయకండి. పాలలో ముంచిన బిస్కట్టూ వద్దు.

ప్రశ్నించినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. శనివారం డాక్టరుగారి దగ్గర పొడవు కొలిపిస్తాము. మీ జవాబులు చదివి వినిపించాక, ఈ ఉదయం బాబు తల తిప్పుకోగానే సీసాలో మిగిలిన పాలను మా అత్తగారే పారబోశారు.