ఆయిల్ పెయింటింగ్‌లో తడి రోడ్డు మీద పసుపు లైటు ఆకుపచ్చగా మారిపోతోంది, ఏం చేయాలి?

చెన్నైలో ఉంటాను. వాన వెలిశాక సెంట్రల్ స్టేషన్ ఎర్ర బిల్డింగు, ముందు తడి రోడ్డు, ఆటోల లైట్లు... ఇంప్రెషనిస్టుల (మారే వెలుతురుని విడివిడి కుంచె వేట్లతో పట్టే చిత్రకారుల) పద్ధతిలో ఆయిల్స్‌తో వేస్తున్నాను. వాళ్లలో ఒకడైన పిస్సారో 1897లో పారిస్‌లో హోటల్ కిటికీలోంచి ఒకే వీధిని మళ్లీ మళ్లీ వేశాడు కదా, ఆ పిచ్చి నాకూ పట్టింది.

రోడ్డుకి అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), తెలుపు కలిపి బూడిద రంగు వేశాను. అది ఆరకముందే కాడ్మియం ఎల్లో పెడితే రెండో కుంచె వేటుకే పాచి పట్టినట్టు అయిపోతోంది. ఆరనిద్దామంటే ఈ ఉక్కలో నాలుగు రోజులైనా వేలికి అంటుతోంది. రంగుల్లో కలిపే లిన్సీడ్ (అవిసె) నూనె ఎక్కువ పోశానేమో, నా చెయ్యి కాస్త ధారాళం.

తడి మీదే వేసేవాళ్లు లైటు పడే చోటు ముందే ఖాళీగా వదిలేస్తారా, లేక నైఫ్‌తో గీకేసి పెడతారా? అమ్మయితే "గోడకి సున్నం వేసినా ఈపాటికి ఆరేదిరా" అంటోంది.