ఊరి పేరు అమ్మకి కూడా చెప్పకు

చెల్లీ, కొట్టే మొగుడి ఇంటి నుంచి అతనికి దొరక్కుండా ఎలా బయటపడాలని నువ్వు అడిగిన మెసేజ్ రెండుసార్లు చదివాను. అమెరికా వచ్చి ఎనిమిది నెలలు, మొగుడి ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్4 వీసా, పాస్‌పోర్ట్ అతని బీరువాలో, డ్రైవింగ్ రాదు. తొమ్మిదేళ్ళ కిందట నాదీ ఇదే పరిస్థితి, పైగా చంకలో పిల్ల.

ముందు ఫోన్ సంగతి. ఇద్దరిదీ ఒకే ఫ్యామిలీ ప్లాన్ అన్నావు కదా, నువ్వు ఎవరికి చేసినా అతనికి తెలుస్తుందనే అనుకో. అలాగని లొకేషన్ షేరింగ్ ఇప్పుడే ఆపేయకు, ఆపగానే అనుమానం వస్తుంది, ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో నీకే తెలుసు. లైబ్రరీ కంప్యూటర్ వాడు. వేరేవాళ్ళ ఫోన్ నుంచి 1-800-799-7233కి చెయ్యి, గృహహింస హాట్‌లైన్ అది, 24 గంటలూ ఉంటుంది, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడుగు. చెయ్యి చేసుకుంటుంటే మాత్రం 911, ఇంకేం ఆలోచించకు.

మనలాంటివాళ్ళ కోసమే పెట్టిన సంస్థలూ ఉన్నాయి. న్యూజెర్సీలో మానవి 1985 నుంచి, న్యూయార్క్‌లో సఖి 1989 నుంచి పనిచేస్తున్నాయి. బే ఏరియాలో మైత్రి, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష. అత్తగారు ఇండియా నుంచి ఫోన్ చేసి ఇక్కడ కాపురం ఎలా నడిపిస్తుందో వీళ్ళకి మొదటినుంచీ విడమరచి చెప్పక్కర్లేదు, అదే పెద్ద ఊరట.

"డిపోర్ట్ చేయిస్తా" అన్నాడా? మా ఆయనా నాతో అన్నాడు. ఆ అధికారం మొగుళ్ళకి లేదు. కానీ విడాకులైతే హెచ్4 పోయే మాట నిజం, అందుకే ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలువు, ఆ సంస్థలవాళ్ళే చూపిస్తారు. హింసకు గురైన హెచ్4 భార్య అతని సంతకంతో పనిలేకుండా వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు, ఐ-765వి అనే ఫారం. యూ వీసా అని ఇంకొకటుంది, నేరానికి గురై పోలీసులకి సహకరించినవాళ్ళకి, ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి ఏళ్ళు పడుతుంది. అయినా పోలీసు రిపోర్టు కాపీ దాచుకో.

ఇప్పుడు అసలు మాట. నేను దొరికిపోయింది ట్రాకింగ్ వల్ల కాదు, మనవాళ్ళ జాలి వల్ల. ఇల్లు వదిలి వేరే ఊరు వెళ్ళిన మూడోవారం మా ఆయన ఇండియాలో మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాడు, మారిపోయానన్నాడు, పిల్లని చూడాలన్నాడు. పాపం అమ్మ, కాపురం నిలబడుతుందని ఊరి పేరు చెప్పేసింది. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "మా ఆవిడ అలిగి వెళ్ళింది" అని ఒక మెసేజ్ పెట్టాడు, సాయంత్రానికి అపార్ట్‌మెంట్ నంబరుతో సహా ఎవరో ఇచ్చేశారు, మంచి చేస్తున్నామనుకునే ఇచ్చారు! మళ్ళీ మూట కట్టాను. కాబట్టి అమ్మతో మాట్లాడు, క్షేమంగా ఉన్నానని చెప్పు, ఊరి పేరు మాత్రం చెప్పకు. కోపంతో కాదు, ఆవిడకి తెలియకపోతే ఎవరు అడిగినా అబద్ధమాడే అవస్థ ఉండదు. కొన్నాళ్ళు గుడికీ, పాట్‌లక్‌లకీ, బతుకమ్మకీ వెళ్ళకు. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే.

పోస్టాఫీసులో అడ్రస్ మార్పు పెట్టకు, మార్చినట్టు వాళ్ళు పంపే ఉత్తరం పాత ఇంటికీ వెళ్తుంది. అసలు అడ్రస్ బయటపడకుండా వేరే అడ్రస్ ఇచ్చే ప్రభుత్వ పథకం చాలా రాష్ట్రాల్లో ఉంది, కాలిఫోర్నియాలో దాన్ని సేఫ్ ఎట్ హోమ్ అంటారు.

*

పైన రాసిన అక్క మాటలకి నేనొకటి కలుపుతాను. ఫ్యామిలీ ప్లాన్ నుంచి నీ లైన్ విడదీయమని నువ్వే ఫోన్ కంపెనీని అడగొచ్చు, 2022లో చట్టం వచ్చింది, అకౌంట్ అతని పేరు మీదున్నా సరే. రుజువుగా పోలీసు రిపోర్టో, సంస్థవాళ్ళ ఉత్తరమో అడుగుతారు. అది ఇల్లు దాటాకే చెయ్యి. అతను సిటిజనో గ్రీన్‌కార్డో అయితే దారి వేరు, ఆడవాళ్ళ మీద హింసని అరికట్టడానికి 1994లో వచ్చిన వావా చట్టం కింద, గ్రీన్‌కార్డ్ కోసం భార్యే సొంతంగా పిటిషన్ వేసుకోవచ్చు. మా ఫ్రెండ్ అలాగే వేసింది.

*

థాంక్స్ అమ్మా, ఆ లైన్ సంగతి నాకు తెలియదు. చెల్లీ, పాస్‌పోర్ట్ కోసం ఒక్కదానివే వెనక్కి వెళ్ళకు. పోలీసుల్ని తోడు రమ్మని అడగొచ్చు, సివిల్ స్టాండ్‌బై అంటారు. నేను అలాగే వెళ్ళాను, గుమ్మంలో ఒక ఆఫీసర్ నిలబడ్డాడు, పావుగంట ఇచ్చారు. పిల్ల కాగితాలు, నా సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను. కుక్కర్ మర్చిపోయాను.