యూఎఫ్‌డబ్ల్యూలో మూసిన పోర్ట్ బయటికి ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: ఉబుంటు సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ (ఫైర్‌వాల్) ఆన్‌లోనే ఉంది. లోపలికి వచ్చేదంతా డినై, 22, 443 మాత్రమే అలౌ. అయినా బయటి నుంచి స్కాన్ చేస్తే డాకర్‌లో (యాప్‌లను కంటైనర్లుగా విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పోర్ట్ 5432 తెరిచే ఉంది. తప్పెక్కడ?

జవాబు 1: మీ రూల్స్‌లో తప్పు లేదండీ. కంటైనర్ పోర్ట్‌ని బయటికి తెరవగానే (పబ్లిష్) డాకర్ నాట్ టేబుల్‌లో, అంటే ప్యాకెట్ల అడ్రస్‌లు మార్చే రూల్స్ పట్టికలో, తన రూల్ రాసుకుంటుంది. ప్యాకెట్ గమ్యం అక్కడే కంటైనర్ అడ్రస్‌కి మారి, ఫార్వర్డ్ చైన్‌లోకి (వేరే చోటికి పంపే ప్యాకెట్లకు వర్తించే రూల్స్ వరుస) పోతుంది. మీ డినై ఉన్నది ఇన్‌పుట్ చైన్‌లో (సర్వర్‌కే వచ్చే ప్యాకెట్ల రూల్స్), ఈ ప్యాకెట్ అటువైపే రాదు. కంపోజ్ ఫైల్‌లో (కంటైనర్ల సెట్టింగ్స్ రాసే ఫైల్) "5432:5432" తీసేసి "127.0.0.1:5432:5432" పెట్టండి, అప్పుడు పోర్ట్ ఆ సర్వర్ లోపలికే తెరుచుకుంటుంది. కంటైనర్‌ని కొత్తగా సృష్టించాలి, ఊరికే రీస్టార్ట్ చేస్తే మారదు.

జవాబు 2: పోస్ట్‌గ్రెస్‌ని వాడేది అదే కంపోజ్‌లోని యాప్ అయితే పోర్ట్స్ లైనే అక్కర్లేదు, సర్వీస్ పేరుతో అందుతుంది. ఇన్నాళ్లూ తెరిచి ఉంది కాబట్టి డేటాబేస్ పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి, లాగ్‌లో తెలియని ఐపీలు ఉన్నాయేమో చూడండి.

జవాబు 3: ఒక్క బయటి ఐపీకే తెరవాలంటే డాకర్-యూజర్ చైన్‌లో (ఫార్వర్డ్ దారిలో మన సొంత రూల్స్ కోసం డాకర్ ఉంచిన చోటు) రూల్ రాయాలి. చాలామంది తడబడేది ఇక్కడే: ప్యాకెట్ అక్కడికి చేరేసరికి పోర్ట్ మారిపోయి ఉంటుంది. 8080:80 అని పబ్లిష్ చేస్తే 8080 మీద రాసిన రూల్‌కి ఏదీ తగలదు, 80 అని రాయాలి.