బీపీకి డిసెబిలిటీ పెన్షన్: రెండో అప్పీల్ పంపి 14 నెలలైంది, ఇంకా ఆగాలా?

గిద్దలూరు కోడలు:

నమస్కారం అండి. మావారు ఆర్టిలరీలో నాయక్‌గా చేసి 2020 నవంబరులో ఇంటికొచ్చేశారు. చేరింది 1998లో. ఇంకో రెండేళ్లు ఎక్స్‌టెన్షన్ వస్తుందనుకున్నాం, బీపీ వల్ల మెడికల్ కేటగిరీ తగ్గిందని ఇవ్వలేదు. వచ్చే ముందు రిలీజ్ మెడికల్ బోర్డు ‘ప్రైమరీ హైపర్‌టెన్షన్, 30 శాతం, జీవితాంతం’ అని రాసింది. కింద మాత్రం సర్వీసుకు సంబంధం లేదని పెట్టింది. అందుకని మామూలు పెన్షన్ వస్తోంది గానీ డిసెబిలిటీ ఎలిమెంట్ (సర్వీసు వల్ల వచ్చిన జబ్బుకు పెన్షన్‌పై అదనంగా ఇచ్చేది) లేదు.

మొదటి అప్పీల్ నేనే కూర్చోబెట్టి రాయించాను. తిప్పి పంపిన ఉత్తరం ఒకటిన్నర పేజీ. అందులో మావారి గురించి ఉన్నది ఒక్క వాక్యం: జబ్బు పీస్ స్టేషన్‌లో (సరిహద్దు, యుద్ధ ప్రాంతం కాని చోట) బయటపడింది కాబట్టి సర్వీసు వల్ల కాదు. మిగతాదంతా అందరికీ పంపే కాగితమే అనుకుంటా, ఒకచోట హవల్దార్ అని కూడా పడింది. ‘అప్పీల్ పోతే పోయింది, ప్రమోషన్ వచ్చింది’ అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రెండో అప్పీల్ పంపి 14 నెలలు. ఉలుకూ పలుకూ లేదు. ఒక లాయరేమో జవాబు వచ్చేదాకా ఆగమంటాడు. ఇంకొకాయన ఇప్పటికే ఆలస్యమైందంటాడు. మావారేమో ‘ద్రాస్ మంచులో రాని బీపీ ఈ ఫైలు చూస్తే వస్తోంది, వదిలెయ్’ అంటారు. ఏం చేయమంటారు?

పాత హెడ్ క్లర్క్ (సుబేదార్, రిటైర్డ్):

అమ్మా, ముందు ఆ ద్రాస్ జోకు సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్‌లో వేయొద్దని ఆయనకు చెప్పండి. కేసు ఆ ఒక్క మాటతో పోతుంది.

ఆగక్కర్లేదు. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చట్టం, 2007 ప్రకారం అప్పీల్ పెట్టి ఆరు నెలలు దాటినా జవాబు రాకపోతే అక్కడ చేయాల్సింది చేసినట్టే. నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆంధ్ర, తెలంగాణ రెండూ చెన్నై బెంచ్ కిందికే వస్తాయి. ఆలస్యం సంగతా? కారణం రాసి క్షమించమని అడగాలి. పైగా పెన్షన్ నెలనెలా ఆగే డబ్బు కాబట్టి హక్కు చచ్చిపోదు. కానీ బకాయిలు మాత్రం మామూలుగా కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్లకే ఇస్తారు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. అంటే మీరు ఆగే ప్రతి నెలా వెనక ఒక నెల డబ్బు రాలిపోతోంది.

ఇప్పుడు ట్రంకు పెట్టె తెరవండి. మెడికల్ బోర్డు ఫారం ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 ఉంటుంది. ముందు పేజీల్లో ఆయన పనిచేసిన చోట్ల పట్టిక, ప్రతి దాని ఎదురుగా పీస్‌కు పి, ఫీల్డ్‌కు ఎఫ్. తర్వాత బోర్డు అభిప్రాయం ఉన్న పేజీకి రండి. ‘సర్వీసులో చేరక ముందే ఈ జబ్బు ఉందా’ అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ ఏం రాశారో చూడండి.

ఎందుకంటే ఆయన 2020లో వచ్చారు కాబట్టి 2008 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్స్ (ఈ పెన్షన్‌కు హక్కు ఉందో లేదో తేల్చేవి) మీకు వర్తిస్తాయి. చేరినప్పుడు కాగితాల్లో ఏ జబ్బూ రాయకపోతే మనిషి బాగున్నట్టే లెక్క అన్నది అంతకు ముందున్న 1982 రూల్స్ మాట. 2008 వాటిలోనూ, జబ్బు సర్వీసు వల్లేనని నిరూపించమని మామూలుగా మిమ్మల్ని అడగరు. ఆ పాత రూల్స్ కిందే, ఆర్మీ సిగ్నల్స్ విభాగంలో ధరమ్‌వీర్ సింగ్ అనే ఆయన్ని మూర్ఛ వచ్చిందని తొమ్మిదేళ్లకు పంపేశారు. బోర్డు కారణం చెప్పకుండా ‘సంబంధం లేదు’ అని రాసింది. అది చెల్లదని 2013లో సుప్రీంకోర్టు ఆయనకు పెన్షన్ ఇప్పించింది. ఈ తీర్పు లేకుండా ఏ లాయరూ ఈ కేసు వేయడు. వేస్తే ఆ లాయర్ని మార్చండి.

పీస్ స్టేషన్ మాటకు జవాబు కూడా వాళ్ల పుస్తకంలోనే ఉంది. ఫీల్డ్‌లో, ఎత్తు ప్రాంతాల్లో ఎక్కువ కాలం, మళ్లీ మళ్లీ ఉన్నవాళ్ల బీపీని ఎలా చూడాలో మిలిటరీ డాక్టర్ల గైడ్ విడిగా చెబుతుంది. కాబట్టి మీ కేసంతా ఆ పి, ఎఫ్ పట్టికే.

డబ్బు లెక్క: నూరు శాతం డిసెబిలిటీకి చివరి జీతంలో 30 శాతం. మీవారి 30 శాతం డిసెబిలిటీని రౌండ్ చేసి 50 కింద తీసుకుంటారు. సర్వీసు పూర్తి చేసి వచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ తీర్పు. జీతం 40,000 అనుకుంటే నెలకు 6,000, దానిపై డీఆర్ (పెన్షనర్లకు ఇచ్చే కరవు భృతి).

విజయనగరం ఈఎంఈ:

చెల్లెమ్మా, ఓడినవాణ్ణి కూడా ఒకణ్ణి వినండి. నాకు చెవుడు. ఈఎంఈ అంటే ఆర్మీ రిపేరు విభాగం, వర్క్‌షాపులో ట్యాంకు ఇంజన్ల పక్కనే నా సర్వీసంతా. చప్పుడు వల్లే వచ్చిందని పేజీలకు పేజీలు రాయించాను. నా శాతం 20 లోపు వేశారు, నేను దాన్ని ప్రశ్నించలేదు. వాదన పది నిమిషాలు కూడా సాగలేదు, 20 లేదు కాబట్టి ఎలిమెంట్ లేదన్నారు. పోరాడాల్సింది శాతం మీద, మళ్లీ మెడికల్ బోర్డు అడగాల్సింది. నేను కారణం మీద పోరాడాను. మీకా బాధ లేదు, 30 ఉంది.

గెలిచాక కూడా వెంటనే డబ్బు పడుతుందనుకోకండి. ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లవచ్చు. వెళ్లకపోయినా ఆర్డరు అమలు చేయమని మళ్లీ అర్జీ పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

గిద్దలూరు కోడలు:

బాబాయ్, పెట్టె తెరిచాను. ‘చేరక ముందే ఉందా’ దగ్గర నో. దాని కిందే ‘సర్వీసుకు సంబంధం లేదా’ దగ్గర ఎస్. ముందూ లేదు, సర్వీసులోనూ కాదు, మరి మధ్యలో ఏ సెలవులో వచ్చిందో! కారణం రాయాల్సిన గడిలో పీస్ స్టేషన్ అనే రెండు ముక్కలే. బీపీ మొదట రాసింది 2013 జూలైలో. పట్టికలో ద్రాస్ 2012 నవంబరుకు అయిపోయింది, అంటే దిగిన ఎనిమిది నెలలకే.

లాయరు ఫీజుకు మావారు ఇప్పటికీ గొణుగుతున్నారు గానీ పట్టిక చూస్తూ చూస్తూ ఒకచోట వేలు పెట్టి ఆగిపోయారు. పూంచ్ తర్వాత రెండేళ్లు అస్సాంలో చేశారట, అది అసలు రాయనే లేదు. దాని బదులు ఒకే పీస్ స్టేషన్‌ను పొడవుగా సాగదీశారు. దానికేం చేయాలి?

పాత హెడ్ క్లర్క్:

అదే ముఖ్యం, లాయరు కంటే ముందు అది. పోస్టింగుల పూర్తి వివరాలు, ఫీల్డ్ ఏది పీస్ ఏది అన్నదానితో సహా, రాతపూర్వకంగా ఇవ్వమని మీ రికార్డ్ ఆఫీసుకు ఆర్టీఐ పెట్టండి. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేయండి. ఆర్మీ నంబరు రాయడం మర్చిపోవద్దు. ర్యాంకు నాయక్ అనే రాయండి.