సిల్లీ మిస్టేక్‌లోని సిల్లీని తెలుగులో ఏమంటారు?

కూడాల్సిన చోట తీసివేసి రెండు మార్కులు పోగొట్టుకున్న మా పాప, "సిల్లీ మిస్టేక్ నాన్నా" అంది. పక్కన శెనక్కాయలు ఒలుస్తున్న మా అమ్మ "సిల్లీ అంటే ఏందే?" అంటే, అది కాసేపు ఆలోచించి "తిక్క పని జేజీ" అనేసింది.

మా కడపలో తిక్క అంత చిన్న మాటేం కాదు గదా. తిక్కలోడంటే ఎప్పుడెట్లుంటాడో చెప్పలేం, తిక్క రేగితే ఎదురుగా ఎవరున్నారని కూడా చూడడు. కూడిక తప్పినందుకు అంత మాటెందుకు? పోనీ ఎర్రి అందామంటే అందులో పిచ్చి పాలు ఎక్కువ (వెర్రిపుచ్చలో వెర్రి వేరే, అది అడవిది అని).

అసలు సిల్లీ పుట్టుక చూస్తే నవ్వొస్తుంది. పాత ఇంగ్లీషులో ఆ మాటకు దైవానుగ్రహం పొందినవాడు, సుఖంగా ఉన్నవాడు అని అర్థం. దాని చుట్టమైన జర్మన్ మాట జేలిగ్‌కు ఇప్పటికీ ధన్యుడనే అర్థం. ఇంగ్లీషులో మాత్రం అది కల్లాకపటం తెలియనివాడై, పాపం అనిపించేవాడై, 16వ శతాబ్దం చివరికి బుద్ధి తక్కువవాడిగా తేలింది. మన అమాయకుడూ అంతే. మాయ లేనివాడని మెచ్చుకోవాల్సిన మాట, కానీ సంబంధం మాట్లాడేటప్పుడు "పిల్లోడు ఒట్టి అమాయకుడు" అని చూడండి, పిల్లనిస్తారేమో!

మరి సిల్లీ మిస్టేక్‌కు మీ ఊళ్లో ఏమంటారు?

అనంతపురం నుంచి ఒకరు: అమాయకుడు దిగితే ముగ్ధ ఎక్కింది సార్. ముగ్ధ, మూఢ రెండూ ఒకే సంస్కృత ధాతువు పిల్లలు, తికమకపడటం అని దాని అర్థం. ఒకటి మూఢనమ్మకాల్లో ఇరుక్కుంటే రెండోది ముగ్ధమనోహరమై కూర్చుంది.

కర్నూలు నుంచి ఇంకొకరు: క్రికెట్‌లో సిల్లీ పాయింట్ అనే ఫీల్డింగ్ చోటును మర్చిపోయినారు. బ్యాటుకు అంత దగ్గరగా పోయి నిలబడేవాడికి తెలివుందా అని పెట్టిన పేరది. అక్కడ ఎర్రి సరిగ్గా సరిపోతుంది.

మళ్లీ నేను: ఒక్క మాటతో అయ్యేట్టు లేదు. సిల్లీగా చేయకు అంటే పిల్లచేష్టలు మాను, సిల్లీ రీజన్ అంటే పనికిమాలిన సాకు. మిస్టేక్ సంగతి మా అమ్మనే అడిగితే "పరాకున చేసిన తప్పు, అంతే గదా" అని మళ్లీ శెనక్కాయల్లో పడింది.