బ్యాంకు పరీక్ష ఇంగ్లీషు: పదాలు బట్టీ పట్టాలా, మాట్లాడాలా, చదవాలా?

ఆమదాలవలస ప్యాసింజర్:
పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీ పూర్తి చేసి, రెండేళ్లుగా బ్యాంకు క్లర్కు పరీక్షకు సిద్ధమవుతున్నాను. నా వయసు 27. లెక్కలు, రీజనింగు నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టవు గానీ ఇంగ్లీషు మాత్రం ప్రతిసారీ గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 30 మార్కులు, 20 నిమిషాలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత, పైగా ఆ విభాగానికి విడిగా కటాఫ్ ఉంటుందని ఇక్కడివారందరికీ తెలుసు. మొన్న ఆదివారం రాసిన మాక్ టెస్టులో 17 ప్రశ్నలకు జవాబు పెడితే 9 ఒప్పు, 8 తప్పు. కోత పోగా చేతికొచ్చినవి 7 మార్కులు. అందులో ఒక తప్పు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు. పాసేజీలో ఒక మునిసిపల్ కౌన్సిల్ వంతెన పనిని ‘సాంక్షన్’ చేయడానికి నిరాకరించిందని ఉంది. ఆ పదానికి దగ్గరి అర్థం అడిగారు. నేను బట్టీ పట్టిన జాబితాలో ‘సాంక్షన్స్ అంటే ఆంక్షలు’ అని ఉండటంతో ‘శిక్షించు’ అన్న జవాబు పెట్టి వచ్చాను. పదాలు బట్టీ పట్టడం, రోజూ ఎవరితోనైనా ఇంగ్లీషులో మాట్లాడటం, పాసేజీలు చదవడం అనే మూడింటిలో నాకున్న ఈ నాలుగు నెలలు దేనికి పెట్టాలో పెద్దలు చెప్పగలరు.

పాలకొండ పదకోశం:
తమ్ముడూ, తప్పు బట్టీది కాదు, నువ్వు పట్టుకున్న జాబితాది. పదం ఎదురుగా ఒకే అర్థం రాసిన జాబితా కొనడం కంటే ఊరికే కూర్చోవడం మేలు. నేను 200 పేజీల నోటుపుస్తకంలో ప్రతి పదానికీ నామవాచకంగా ఒక అర్థం, క్రియగా ఒక అర్థం, కింద ఒక వాక్యం రాసుకుంటాను. రోజుకు 50 పదాలు, ఆదివారం పునశ్చరణ. పదం తెలియనివాడు పాసేజీ చదవడమంటే నీళ్లు లేని చెరువులో వల వేయడమే.

గంటస్తంభం నీడ:
నేను విజయనగరం పరిసరాల్లోని ఉన్నత పాఠశాలల్లో 32 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. బాబూ, నీ తప్పులోనే నీకు కావలసిన జవాబు ఉంది. ‘లోను సాంక్షన్ అయిందా?’ అన్న మాట మన ఊళ్లో కౌలు రైతు దగ్గర నుంచి కిరాణా కొట్టు యజమాని దాకా రోజూ అంటారు. నువ్వు కూడా వెయ్యిసార్లు విని ఉంటావు. నోట్లో నలిగిన ఆ మాటనూ కాగితం మీది పదాన్నీ ఒక్కటిగా చూడటం నీకు ఎవరూ నేర్పలేదు గనుక, తెలిసిన అర్థాన్ని పక్కన పెట్టి తెలియని అర్థాన్ని తెచ్చుకున్నావు. భాష ముందు చెవికీ నోటికీ, తరువాతే కంటికీ చేతికీ రావాలి. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి రోజూ ఒక అరగంట, బస్సు ఎందుకు ఆలస్యమైంది, ఇవాళ కూర ఏమిటి, రేపు ఎక్కడికి వెళ్లాలి వంటి మామూలు సంగతులే ఇంగ్లీషులో మాట్లాడుకుంటే, వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నలకు జవాబు నియమం గుర్తుచేసుకోకుండానే తడుతుంది. ‘హార్డ్లీ’ అంటే ‘కష్టపడి’ అనుకునే పిల్లలను ఏటా చూశాను. ఆ మాటను ఒక్కసారి నోటితో వాడినవాడికి అది ‘దాదాపు లేదు’ అన్న అర్థమని మళ్లీ చెప్పవలసిన పని ఉండదు.

ఉద్దానం జీడి:
కూర ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి ముందు కూర ఉండాలి కదా మాస్టారూ.

నాగావళి గట్టు:
మాస్టారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఆయన సలహాతో పూర్తిగా విభేదిస్తున్నాను. మూడో ప్రయత్నంలో క్లర్కు ఉద్యోగం తెచ్చుకుని, ఈ జిల్లాలోనే ఒక శాఖలో పనిచేస్తున్నాను. క్లర్కు పోస్టుకు ఇంటర్వ్యూ లేదు. ఉన్నదల్లా స్థానిక భాష వచ్చా రాదా అన్న పరీక్ష. అంటే మనల్ని మాట్లాడమని అడిగేది తెలుగులోనే. నా కౌంటరు దగ్గరికి వచ్చేవారిలో ఇంగ్లీషులో మాట్లాడినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను రోజూ వాడే ఇంగ్లీషు సర్క్యులర్ చదివి అర్థం చేసుకోవడం, పైఆఫీసుకు రెండు వాక్యాల జవాబు రాయడం, అంతవరకే.

20 నిమిషాలకు 30 ప్రశ్నలంటే ఒక్కోదానికి 40 సెకన్లు. ఆ 40 సెకన్లలో పనికొచ్చేది చదివే వేగం, వదిలేసే ధైర్యం. ప్యాసింజర్ తమ్ముడు తప్పు పెట్టిన 8 ప్రశ్నలనూ ముట్టుకోకుండా వదిలి ఉంటే 9 మార్కులు అలాగే నిలిచేవి. అందుకని ముందు పాసేజీ కింది ప్రశ్నలు చదవాలి, ఆ తరువాతే పాసేజీ. ‘నిజం కానిది ఏది’ అన్న ప్రశ్నను చివరికి పెట్టుకోవాలి, ఎందుకంటే దానికి పాసేజీ మొత్తం కావాలి. పదం అర్థం అడిగితే ఆ పదం ఉన్న వాక్యాన్నీ, దాని ముందు వాక్యాన్నీ మళ్లీ చదవాలి. కౌన్సిల్ వంతెన పనిని శిక్షించడానికి నిరాకరించింది అన్న వాక్యం ఏ భాషలోనైనా అర్థం ఇస్తుందా? తమ్ముడికి పదం రాకపోవడం కాదు, వాక్యం చదవకపోవడమే నష్టం చేసింది. హిందూ పత్రిక సంపాదకీయాన్ని గడియారం పెట్టుకుని చదివి, పేరాకు ఒక్క తెలుగు వాక్యం చొప్పున సారాంశం రాసుకోవడమే నేను ఎనిమిది నెలలు చేసిన సాధన.

పాలకొండ పదకోశం:
వాక్యం చదివితే చాలంటున్నారు, సరే. అక్కడ ఇచ్చిన జవాబుల్లో రెండు పదాలు తెలియకపోతే వాక్యం చదివి ఏం చేస్తారు? ఇంకో మాట, ‘సాంక్షన్’ క్రియగా ఉన్నప్పుడు ఆమోదించడం, బహువచన నామవాచకంగా ఉన్నప్పుడు ఆంక్షలు. ఈ తేడా నా నోటుపుస్తకం 41వ పేజీలో ఉంది.

గంటస్తంభం నీడ:
క్రియగా కూడా కొన్ని చోట్ల శిక్షించడమనే అర్థంలో వాడతారు, కాబట్టి ఆ 41వ పేజీని ఒకసారి సవరించుకోండి. ఇక మాటతో భాష రాదన్నవారికి మన జిల్లావాడినే చూపిస్తాను. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ, సవర గిరిజనుల భాష తెలిసినవారిని ఇంట్లో ఉంచుకుని, వారితో మాట్లాడి ఆ భాష నేర్చుకున్నారు. బట్టీ పట్టడానికి ఆయనకు జాబితా ఎవరిచ్చారు?

నాగావళి గట్టు:
గిడుగువారికి సవర భాషలో బ్యాంకు ప్రిలిమ్స్ లేదండీ. అదీకాక ఆ రోజుల్లో సవరలో చదువుకోవడానికి పుస్తకాలు లేవు గనుక ఆయన మనుషుల దగ్గరికి వెళ్లవలసి వచ్చింది. ఇంగ్లీషులో పుస్తకాలకు కరువు లేదు. మా ఊళ్లో కరువు ఇంగ్లీషు మాట్లాడే మనుషులకే. ఉన్నది వదిలి లేనిదాన్ని వెతుక్కోమంటారా?

పాలకొండ పదకోశం:
ఆ గిడుగువారే చివరికి సవర నిఘంటువు కూర్చారని మరిచిపోకండి. నిఘంటువంటే పదాల జాబితాయే.

పొందూరు ఖద్దరు:
పంతులుగారిని ముగ్గురూ మూడు వైపులా లాగుతున్నారు, కండువా చిరిగిపోతుంది.

రాజాం రేవతి నక్షత్రం:
నేను నాగావళి అన్నయ్య చెప్పిన దారిలోనే నడిచాను, ఎక్కడ ఆగిపోయానో కూడా చెప్పనివ్వండి. క్లర్కుతో పాటు పీఓ, అంటే ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్ష కూడా రాశాను. ప్రిలిమ్స్ దాటాను, మెయిన్స్‌లో 25 మార్కుల వ్రాత పరీక్ష కూడా పత్రికలు చదివిన పుణ్యాన గట్టెక్కింది. ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లి కూర్చున్నాక, మీ ఊరు దేనికి ప్రసిద్ధి అని ఒక సభ్యురాలు చాలా మెత్తగా అడిగారు. రాజాం జనపనార మిల్లుల గురించి నాకు తెలియనిదేమీ లేదు, మా నాన్న అందులోనే పనిచేశారు. ‘జూట్’ అన్నాను, ‘మిల్’ అన్నాను, ఆ రెండు పదాల మధ్య పెట్టవలసిన మాటలు ఒక్కటీ రాలేదు. సంపాదకీయంలో ఎంత పెద్ద వాక్యమైనా విడదీసి చెప్పగలిగిన నేను మా నాన్న చేసిన పనిని ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. తుది జాబితాలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 చొప్పున లెక్క వేస్తారు. నా పేరు రాకపోవడానికి ఆ 20 ఎంత కారణమో నాకు తెలుసు. క్లర్కు చాలనుకునేవారికి అన్నయ్య మాట సరిపోతుంది. ఎవరికి ఎంత చాలునో వయసు 27 ఉన్నప్పుడే నిర్ణయించేయడం నాకు నచ్చలేదు.

నాగావళి గట్టు:
అమ్మా, నీకు జరిగినదానికి బాధపడుతున్నాను గానీ, మాట్లాడటం నేర్చుకోమని తేలికగా చెప్పేవారు ఎక్కడ నేర్చుకోవాలో చెప్పడం లేదు. నేను వెళ్లాను. విశాఖలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రంలో 6,000 రూపాయలు కట్టి చేరాను. మూడో రోజు నన్ను నిలబెట్టి పరిచయం చేసుకోమన్నారు. నేను ‘ఇస్కూల్’ అన్నాను. చెప్పే ఆయన నవ్వి, నలభై మంది ఎదుట ఆ మాటను పదిసార్లు అనిపించారు. ఆరోసారికి వెనక వరుస నుంచి ‘సిక్కోలు ఇంగ్లీషు’ అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. మరునాటి నుంచి వెళ్లలేదు, డబ్బు తిరిగి ఇవ్వలేదు. పుస్తకం నన్ను ఏనాడూ నవ్వలేదు. మాస్టారూ, మీరు సంభాషణ సంభాషణ అంటుంటే నాకు వినిపించేది ఒక్కటే: ఇంగ్లీషు మాట్లాడనివాడు చదువుకున్నవాడి కింద లెక్క కాదని. ఆ మాట నేరుగా అనండి, అప్పుడు చర్చ సులువవుతుంది.

గంటస్తంభం నీడ:
ఆ మాట నేను అనలేదు, అనను కూడా. కానీ మీరు అడిగారు గనుక, ఎక్కడా చెప్పనిది ఒకటి రాస్తాను. 32 ఏళ్లలో ఎక్కువ కాలం నేను ఇంగ్లీషును తెలుగులోనే చెప్పాను. పాఠం చదివి అర్థం చెప్పి, ప్రశ్నలకు జవాబులు నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత ఎక్కించాను. పదో తరగతి ఫలితాలు బాగుండాలని పైనుంచి ఒత్తిడి ఉండేది, ఉత్తీర్ణత శాతం బాగానే వచ్చేది, నాకూ మంచి పేరు వచ్చింది. నా తరగతిలో ఒక్క పిల్లవాడు కూడా లేచి, సొంతంగా ఒక ఇంగ్లీషు వాక్యం అనే అవసరం రాకుండా చూసుకున్నాను, ఎందుకంటే అలా అంటే గంటలో పాఠం పూర్తికాదు. ఇప్పుడు బజారులో కలిసే నా విద్యార్థులు ఇదే పరీక్షకు ఐదోసారి, ఆరోసారి కడుతున్నామని చెబుతుంటే, మీరు వేగంగా చదవండి అని సలహా ఇచ్చి వెళ్లిపోలేను. మిమ్మల్ని నవ్వినవాడిదీ, మీకు పన్నెండేళ్ల వయసులోనే ఆ ‘ఇస్కూల్’ను దిద్దకుండా వదిలేసిన నా వంటివారిదీ తప్పు ఒకటే.

నాగావళి గట్టు:
మీరు ఇలా రాస్తారనుకోలేదు మాస్టారూ. నేను కాస్త గట్టిగా రాశాను, పెద్దవారు మన్నించాలి. అయినా నా మాట మిగిలే ఉంది. బడి పన్నెండేళ్లప్పుడు చేయవలసిన పనిని, ఇంటికి పెద్దకొడుకై 27 ఏళ్లున్న మనిషి ఇప్పుడు తన నాలుగు నెలల్లోంచి తీసి చేయాలా? బీసీ సడలింపు ఉన్నా క్లర్కుకు 31తో తలుపు మూసుకుంటుంది. ముందు జీతం రానివ్వండి, మాటలు తరువాత వస్తాయి.

రాజాం రేవతి నక్షత్రం:
మీకు జీతం వచ్చి ఎన్నేళ్లయింది అన్నయ్యా, మాటలు వచ్చాయా?

నాగావళి గట్టు:
నాలుగేళ్లయింది. రాలేదు. పైఆఫీసు నుంచి ఫోను వస్తే పక్క సీటు ఆవిడకు ఇస్తాను.

ఆమదాలవలస ప్యాసింజర్:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఏడు రోడ్ల కూడలి దగ్గర పాత మాక్ టెస్టుల కట్ట కొన్నాను. నాగావళి అన్నయ్య చెప్పినట్టు ప్రశ్నలు ముందు చదివి రెండు పాసేజీలు చేశాను. 14 జవాబులు పెడితే 11 ఒప్పయ్యాయి. పదాల కోసం విడిగా కూర్చోవడం మానేసి, ఆ పాసేజీల్లో దొరికిన పదాలనే వాక్యంతో సహా రాసుకుంటున్నాను. మాట్లాడే సంగతికి వస్తే, మా గదిలో ఉండే నరసన్నపేట కుర్రాడూ నేనూ రాత్రి అన్నం వండేటప్పుడు పది నిమిషాలు ప్రయత్నించాం. మూడు నిమిషాలకు సరుకు అయిపోయింది, మిగతా ఏడు నిమిషాలూ కుక్కర్ విజిల్ వింటూ ఉన్నాం. ఇవాళ మళ్లీ చూస్తాం. మాస్టారూ, ‘బియ్యం కడిగావా’ అన్నదానికి ‘డిడ్ యూ వాష్’ అనాలా, ‘హావ్ యూ వాష్డ్’ అనాలా? మా ఇద్దరికీ అక్కడే గొడవ వచ్చింది.

గంటస్తంభం నీడ:
కుక్కర్ ఇంకా పొయ్యి మీదకు ఎక్కకపోతే ‘హావ్ యూ వాష్డ్’ అనండి, ఎందుకంటే కడగడం అయిందా లేదా అన్నది ఇప్పటి పనికి కావాలి. అన్నంలో రాయి తగిలాక అడిగేటప్పుడు ‘డిడ్ యూ వాష్’.

పాలకొండ పదకోశం:
41వ పేజీ సవరించాను. క్రియగా శిక్షించడమనే అర్థం అరుదని పక్కన రాసుకున్నాను, ఆ ‘అరుదు’ను మాత్రం కొట్టివేయను.