కూడితే తొమ్మిది: అది సంఖ్య గుణమా, మన రాత గుణమా?

బ్రాడీపేట నాన్న: కొత్త బండికి నంబరు తీసుకోవాలి. టోటల్ తొమ్మిది వచ్చేది కావాలంటే కాస్త ఎక్కువ ఖర్చవుతుందన్నాడు ఏజెంటు. ఇంటర్ చదివే మా వాడేమో, అంకెల మొత్తం మనం సంఖ్యను రాసే పద్ధతికి సంబంధించిందే గానీ సంఖ్యకు సంబంధించింది కాదంటాడు. నిజమేనా?

పటమట ఇంజనీరు: నేనొప్పుకోను. టోటల్ తొమ్మిది వచ్చిందంటే ఆ సంఖ్య తొమ్మిదితో భాగం పోతుందని. అది సంఖ్య గుణం కాకపోతే మరేంటి?

అరండల్‌పేట లెక్కల టీచరు: మీ వాడి వైపే మాట్లాడతానండీ. గుంటూరులో మన పిన్‌కోడ్ 522002 తీసుకోండి. కూడితే 11, మళ్ళీ కూడితే 2. పదిని తొమ్మిదితో భాగిస్తే ఒకటి మిగులుతుంది. వందకీ, వెయ్యికీ, లక్షకీ అంతే. అందుకే ఐదు లక్షల్లో మిగిలేది 5, ఇరవై వేలల్లో 2, రెండు వేలల్లో 2, చివర ఇంకో 2. అంటే అంకెల కూడిక చూపించేది తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషాన్నే. ఇదే సంఖ్యను పదికి బదులు ఎనిమిది ఆధారంగా, అంటే పది, వంద, వెయ్యి స్థానాలకు బదులు 8, 64, 512 స్థానాలతో రాస్తే 1773422. ఆ అంకెలు కూడితే 26. దాన్ని 7తో భాగిస్తే మిగిలేది 5. అంటే అక్కడ కూడిక చూపించేది ఏడుతో భాగిస్తే వచ్చే శేషాన్ని. కానీ 522002 = 2×13×17×1181 అన్నది ఎలా రాసినా మారదు. సంఖ్య సొంత గుణమంటే అదీ.

పటమట ఇంజనీరు: ఆ 13ని కూడా అంకెలతోనే పట్టుకోవచ్చుగా! 1001 = 7×11×13 కాబట్టి మూడేసి అంకెలుగా విడదీసి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే చాలు. 522 − 002 = 520, అంటే 13×40. దానికో న్యాయం, తొమ్మిదికో న్యాయమా?

అరండల్‌పేట లెక్కల టీచరు: మీరన్నది నిజమే, నా మాట సరిదిద్దుకుంటున్నాను. తొమ్మిదితో వచ్చే శేషం కూడా సంఖ్యదే. ఏడుతో, పదమూడుతో వచ్చేవీ దానివే. వాటన్నిట్లో తొమ్మిదిని ముందుకు తెచ్చి కూర్చోబెట్టింది మాత్రం మన పదుల లెక్క.

ఆ శేషం పనికిరానిదని నేననను. మా నాన్న మిర్చి యార్డులో ఒక కొట్టులో గుమస్తా. రాత్రి చిట్టా కలవకపోతే ముందు తేడాను తొమ్మిదితో భాగించేవారు. 47,380 బదులు 43,780 పడితే తేడా 3,600. నిశ్శేషంగా భాగం పోతే, "అంకెలు తారుమారయ్యాయిరా" అని వేలు పెట్టి వరసలు వెతికేవారు. పక్కపక్క అంకెలు మారితే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగం పోతుంది. ఆ గుణం మీద నాకున్న గౌరవం అప్పటిది.

బండి సంగతి: 1 నుంచి 9999 దాకా ఒక్క అంకె మిగిలేదాకా కూడుకుంటూ పోతే తొమ్మిది వచ్చేవి 1111. నాలుగు వచ్చేవీ 1111. జనం భయపడే ఎనిమిది వచ్చేవీ 1111. దానికి అదనంగా డబ్బు పెట్టకండి.

బ్రాడీపేట నాన్న: మా వాడు కాగితం మీద వేసి చూశాడు, 9999 భాగించు తొమ్మిది, సరిగ్గా 1111. వరసలో వచ్చే నంబరే తీసుకుంటాం.